కుడి మోకాలికి దొంగ కట్టు

పోయినవారం మీరు నన్ను క్లాసు మధ్యలో, బోర్డు ముందు, చేతిలో మార్కర్‌తో నిలబెట్టి వదిలేశారు. అంతసేపు నిలబెడితే ఎవరికైనా కాళ్ళు గుంజుతాయి. నావి మామూలు కాళ్ళు కావని కూడా మీకు తెలుసు. తెలియనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేసి మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకుంటాను.

నా పేరు అఖిల. మాది మీర్‌పేట్. ఒకప్పుడు కబడ్డీలో రెయిడర్ని. కూత పెట్టి అవతలి కోర్టులోకి దిగానంటే ముట్టుకోకుండా తిరిగి వచ్చేదాన్ని కాదు. మూడేళ్ళ కింద సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో రాష్ట్ర జట్టు సెలెక్షన్లు జరుగుతుంటే ఎడమ మోకాలిలో లిగమెంట్ తెగింది. దాంతో జట్టూ పోయింది, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం చేస్తానన్న ఆశా పోయింది. ఆపరేషన్ తర్వాత నా కాలు పట్టుకుని మళ్ళీ నడక నేర్పినవాడు ఫిజియో ప్రసన్నకుమార్. వచ్చే నెల మా ఇద్దరికీ లగ్గం.

ఆట పోయాక దిల్‌సుఖ్‌నగర్‌లో మెడికల్ కోడింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు అక్కడే నేర్పుతున్నాను. బస్టాండు వెనక గల్లీ, కింద గాజుల కొట్టు, పైన మేము. కోడింగ్ అంటే ఏమిటని మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంది. అమెరికాలో ఒకడు ఏదో ఆడుతూ పడతాడు. డాక్టరు రాసిన రిపోర్టు మన దగ్గరికి వస్తుంది. ఏది విరిగింది, ఎలా విరిగింది, ఎక్కడ, ఏం చేస్తుండగా అన్నవాటికి ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉంటుంది. ఆ నంబర్లు మనం సరిగ్గా వేస్తే వాడి ఇన్సూరెన్సు కదులుతుంది. వాళ్ళ పుస్తకంలో ఊలు అల్లుతుండగా తగిలిన దెబ్బకు కూడా నంబరు ఉంది. కబడ్డీకి మాత్రం విడిగా లేదు, మిగతా జట్టు ఆటల్లో కలిపి పారేశారు. ఆ సంగతి పాఠంలో చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆటల దెబ్బల పాఠాన్ని మా దగ్గర పుస్తకంతో మొదలుపెట్టరు. కొత్త బ్యాచ్‌లో ప్రతివాళ్ళూ లేచి, ఆడుతూ తగిలించుకున్న ఒక దెబ్బ చూపించి దాని కథ చెప్పాలి. మిగిలినవాళ్ళు ఆ కథకు నంబర్లు వెతకాలి. దీన్ని మచ్చ క్లాసు అంటాం. గల్లీ క్రికెట్‌లో పన్ను రాలగొట్టుకున్నవాళ్ళు, తొక్కుడుబిళ్ళ ఆడుతూ మడమ బెణికించుకున్నవాళ్ళు, అందరూ హుషారుగా లేస్తారు. ఆ రోజు చివర్న లేచిన అమ్మాయి సీతామహాలక్ష్మి. చాలా ఏళ్ళ కింద ఏలూరు నుంచి వచ్చి నాగోల్‌లో ఉంటోంది. నాయనమ్మ పేరు పెట్టుకుని, జీన్స్ ప్యాంటు వేసుకుని, వంకర తిరిగిన చిటికెన వేలు పైకెత్తి చూపించింది. సరూర్‌నగర్ స్టేడియంలో కబడ్డీ ఆడుతుంటే విరిగిందంది. వెనక బెంచీ కుర్రాడొకడు యాక్సిడెంట్ కోడ్ చెప్పబోతే ఆపి, "ఇది యాక్సిడెంట్ కాదండి మేడమ్" అంది.

అదిగో, అక్కడ ఆగాం.

"యాక్సిడెంట్ కాకుంటే ఇంకేంది?" అన్నాను. అప్పటికి నాకే అనుమానమూ లేదు. పాఠం రక్తి కడుతోందని సంబరపడ్డాను కూడా.

"నేను కార్నర్‌లో ఆడేదాన్నండి. మూడేళ్ళ కిందట సెలెక్షన్లకి మమ్మల్ని కలగలిపి జట్లు చేశారు. అవతలి జట్టులో ఒక రెయిడర్ ఉంది, భలే ఆడేది. బక్కగా, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని ఉండేది. మోకాలికి కట్టు ఉంది, కుడికాలికి. ఎవరైనా ఏమనుకుంటారండీ? కుడికాలు బలహీనం, దాని మీద పడదాం అనుకుంటారు కదా. కానీ ఆట మొదలవకముందే మాకు చెప్పేశారు. అది దొంగ కట్టు, అసలు నొప్పి ఎడమ మోకాల్లో ఉంది, ఎడమకాలే పట్టుకోండి అని."

క్లాసంతా "ఓ..." అంది. ఎవరో ఈల కూడా వేశారు.

"ఆ పిల్ల కూతకి రాగానే నేను ఎడమకాలు పట్టేశాను. మా కవర్ ప్లేయర్ వచ్చి మీద పడింది. కాలు మెలి తిరిగింది. నా వేలు ఆ పిల్ల మోకాలి కింద నలిగి విరిగింది. నాది వేలే. ఆ పిల్ల అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉందండి."

ఆ అరుపు నాది. ఇప్పుడు నేను కళ్ళద్దాలు పెట్టుకుని, జుట్టు పెంచి జడ వేసుకుని, కూర్చుని చేసే పని వల్ల రెండింతలు ఒళ్ళు చేసి ఉన్నాను. ఆ రోజు నా పేరు తెలియలేదేమో, ఎదురుగా చూస్తూ కూడా ఆ పిల్ల నన్ను గుర్తుపట్టలేదు. నా కథ నాకే చెబుతోంది.

"అయితే ఇది దాడి కోడ్ కదా మేడమ్?" అని వెనక బెంచీ కుర్రాడు. "దాడేందిరా, పట్టుకోవడమే కదా కబడ్డీ" అని ఇంకో పిల్ల. ఇద్దరూ దెబ్బలాడుకుని చివరికి నావైపు చూశారు. పంతులమ్మను కదా, చెప్పాలి. చెప్పాను. ఆట నియమాల ప్రకారం పట్టుకుంటే ఎంత గట్టిగా పట్టుకున్నా అది దాడి కాదు. రిపోర్టులో ఉద్దేశం ఏమిటో రాసి లేకపోతే మనం ఊహించకూడదు, యాక్సిడెంట్ అనే వేయాలి. వేరే ఉద్దేశం ఉందని డాక్టరు రాస్తే తప్ప అందరూ అమాయకులే. ఇదంతా నా నోరే చెప్పింది. నా బుర్ర మాత్రం ఆ స్టేడియంలో బట్టలు మార్చుకునే గదిలో ఉంది.

ఎందుకంటే ఆ కట్టు సంగతి నాకు కాక ఇంకొక్కరికే తెలుసు. సెలెక్షన్లకు ముందు ప్రాక్టీసులో ఎడమ మోకాలు కలుక్కుమంది. కోచ్‌కి చెబితే తీసేస్తాడు. అమ్మకు చెబితే ఇంట్లోంచి కదలనివ్వదు. అందుకని ఎవ్వరికీ చెప్పలేదు. జట్టుకు కట్లు కట్టడానికి వచ్చే ప్రసన్నకు ఒక్కడికే చెప్పాను. ఆటగాళ్ళు చేసే పాత జిత్తే, మంచి కాలికి కట్టు కట్టించుకుని అవతలివాళ్ళను ఆ కాలి మీదికి మళ్ళించడం. కుడి మోకాలికి టేపు చుడుతూ, "దేవునికి గూడ తెల్వనియ్య" అన్నాడు. దేవుడికి చెప్పలేదేమో. మిగిలినవాళ్ళకు చెప్పాడు.

క్లాసు అయ్యాక సీతామహాలక్ష్మిని ఆపాను.

"ఆ దొంగ కట్టు సంగతి మీకెవరు చెప్పిన్రమ్మా?"

"మా కెప్టెన్ చెప్పిందండి. తనకి ఎవరో కుర్రాడు చెప్పాట్ట. నమ్మొచ్చా అని అడిగితే, కట్టు కట్టినవాడే చెప్పాడు, ఇంకేం కావాలి అంది." బ్యాగు భుజానికి వేసుకుంటూ ఆగింది. "ఆ అమ్మాయి తర్వాత ఏమైందో మీకేమైనా తెలుసా మేడమ్? మీదీ ఈ చుట్టుపక్కలే కదా. ఒకసారి కనబడితే సారీ చెబుదామని ఉందండి."

"ఎక్కడో ఉద్యోగం చేసుకుంటుండొచ్చులే" అన్నాను. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. కార్నర్‌లో ఉన్నది కాలు పట్టుకోవడానికే. నేను ఆమె చోట ఉన్నా అదే పట్టు పట్టేదాన్ని. నా కోపమంతా ఎల్బీనగర్‌లో, ప్రసన్న సెంటర్‌లో ఉంది.

మెట్రో స్టేషన్లో ఎప్పటిలాగే లిఫ్టు దగ్గర నిలబడ్డాను. మెట్లు ఎక్కొద్దు, పరుగెత్తొద్దు, కింద కూర్చోవద్దు అన్నది ప్రసన్న నాకు పెట్టిన పథ్యం. రైల్లో కూర్చున్నాక అమ్మ ఫోన్ చేసింది. సాయంత్రం లగ్గం బట్టలకు పోవాలి కదా, ప్రసన్నను తోలుకుని తొందరగా రమ్మంది. వస్తున్నానని పెట్టేశాను. ఏడుపు వస్తుందేమో అని చూసుకున్నాను. రాలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనేమో ఆ దొంగకు ఇంటి తాళాలే ఇవ్వబోతున్నాను.

ప్రసన్న ఫిజియో సెంటర్ ఎల్బీనగర్ రింగురోడ్డు పక్క గల్లీలో, ఒక టిఫిన్ సెంటర్ కింద సెల్లార్‌లో ఉంటుంది. వెళ్ళేసరికి సాంబమూర్తిగారి మోచేతికి టేపు వేస్తున్నాడు. ఆయన రిటైరయ్యాక షటిల్ మొదలుపెట్టి బాగున్న మోచెయ్యిని పాడుచేసుకున్న పెద్దమనిషి. నన్ను చూడగానే మొహం ఇంత చేసుకున్నాడు.

"రామ్మా, రా! కాబోయే పెళ్ళికూతురు! మీవాడి చేతిలో మహత్తు ఉందమ్మాయ్. ముట్టుకుంటే నొప్పి పోతుంది."

"చేతిల ఒక్కటే కాదు అంకుల్, నోట్ల గూడ ఉంది" అన్నాను.

ఆయన నవ్వాడు. ప్రసన్న నవ్వలేదు, నా మొహం చూశాడు. ఆయన్ను గబగబా పంపించి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అవతల తెర వెనక అతని అసిస్టెంట్ సౌందర్య డంబెల్స్ సర్దుతున్న చప్పుడు వినబడుతోంది.

"గిప్పుడొచ్చినవేంది? బట్టలకు సాయంత్రం కదా పోదామన్నది?"

"నా ఎడమ మోకాలు సంగతి ఆళ్ళకెందుకు చెప్పినవ్ ప్రసన్నా?"

"ఏ మోకాలు? ఎవ్వలకు?"

"సెలెక్షన్ల నాడు. కుడికాలిది దొంగ కట్టని."

అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. పేషెంటుకు నొప్పి పుట్టించే ముందు నవ్వే నవ్వు. "ఎవ్వడన్నడు నీకు? కబడ్డీ ఆడేటోళ్ళకు కండ్లుండయా? నువ్వు కాలు పెట్టే తీరు జూసి పసిగట్టుంటరు. పాతవన్నీ తవ్వుకుంట పరేషాన్ గాకు. జర కూసో, నీళ్ళు తాగు."

"పసిగట్టలే. కట్టు కట్టినోడే చెప్పిండని చెప్పిన్రు. నా కాలు పట్టిన పిల్లనే ఇయ్యాల నా క్లాసుల కూసోని చెప్పింది. ఆ రోజు నాకు కట్టు కట్టినోళ్ళు ఎంతమందున్నరు ప్రసన్నా?"

అతని నవ్వు ఆగిపోయింది. చేతిలో ఉన్న టేపు చుట్టను ఊరికే తిప్పుతూ నిలబడ్డాడు. కాదంటాడని నేను ఇంకా ఎదురుచూస్తున్నాను, చూడండి నా పిచ్చి. కాదు అఖిలా, అది ఇంకెవరో అంటే నమ్మడానికి అప్పటికీ సిద్ధంగా ఉన్నాను. ఒక్క అబద్ధం గట్టిగా చెప్పినా చాలు, పట్టుకుని వేలాడేదాన్ని.

"ఇరగ్గొట్టుమనలే" అన్నాడు. "అమ్మతోడు. పట్టుకోమన్న. రెండు మూడుసార్లు ఔటయితే సెలెక్ట్ గావు, అంతే అనుకున్న. గట్లయితదని నాకు తెల్వది."

"ఎందుకు? నేనేం జేసిన నీకు?"

"నువ్వేం జేయలే." గొంతు తగ్గించాడు. "సెలెక్టయితే క్యాంపుకు పోతవ్. అటెన్క ఏ రైల్వేలనో, పోలీసులనో జాబొస్తది. ఏ ఊళ్ళనో ఉంటవ్. గప్పుడు నన్నెందుకు జూస్తవ్? నేను కట్లు కట్టుకుంట తిరిగేటోణ్ణి. నువ్వంటే ఇష్టమని నోరు తెరిచి చెప్పే ధైర్యం గూడ లేకుండె నాకు."

"నాకు చెప్పే ధైర్యం లేకుండె గని, ఆళ్ళకు చెప్పే ధైర్యముండె."

ఆపరేషన్ అయ్యాక మా ఇంటికి వచ్చేవాడు. నొప్పికి నేను ఏడుస్తుంటే తనూ కళ్ళు తుడుచుకునేవాడు. అంత మంచివాడు ఎక్కడ దొరుకుతాడే అని మా అమ్మ. ఆ కన్నీళ్ళ మీదే కదా నేను మనసు పడింది. కంచే చేను మేసిందంటారే, ఇక్కడ కంచె చేను మేసి, మిగిలిన మొక్కలకు నీళ్ళు కూడా పోసింది.

"మా అమ్మ నీ కాళ్ళు మొక్కింది ప్రసన్నా" అన్నాను. "నేను మొదటిసారి గోడ పట్టుకోకుంట నడిసిన్నాడు. కొడుకు లెక్క జూసుకున్నవు బిడ్డా అని, నీకంటే అంత పెద్దామె, వంగి మొక్కింది. నువ్వు వద్దన్లే. మొక్కిచ్చుకున్నవ్."

"అఖిలా..."

"మా కోడింగ్‌ల ఒక రూలుంది. ఎందుకు చేసిన్రో తెల్వకుంటే యాక్సిడెంట్ అనే రాయాలె. మూడేండ్ల సంది నేను గట్లనే రాసుకున్న. నా రాత గింతే అనుకున్న. దేవున్ని తిట్టిన, నన్ను నేను తిట్టుకున్న, కాలు తప్పుగ పెట్టిన్నేమో అని నిద్రల గూడ అదే రెయిడ్ ఆడిన. నిన్ను ఒక్కసారి గూడ అనుమానపడలే. ఇప్పుడు ఎందుకో తెలిసింది. ఇగ యాక్సిడెంట్ అని ఎట్ల రాయాలె?"

అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నిజంగానే నా పాదాలు పట్టుకున్నాడు. "తప్పయింది. గా తప్పు కడుక్కోనీకే కదా గిన్నేండ్లు నీ కాలు పట్టుకుని కూసున్న. పెండ్లయినంక చెప్దామనుకున్న. ఒట్టు. నన్ను ఇడిసిపోకు."

కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. పెళ్ళయ్యాక చెబుతాడట. పుస్తె మెడలో పడ్డాక, తిరిగి వచ్చే దారి మూసుకున్నాక. కానీ ఇదీ చెప్పాలి, దాచి లాభం లేదు. అతను అలా కింద పడి ఏడుస్తుంటే నా చెయ్యి ఒకసారి అతని తల మీదికి పోబోయింది. అలవాటైన చెయ్యి. దాన్ని వెనక్కి తీసుకోవడం ఆ మోకాలు మొదటిసారి వంచడం కంటే కష్టమైంది.

"ఒక్కటే అడుగుత" అన్నాను. "ఇంకేమన్న దాచినవా? ఉంటే ఇప్పుడే చెప్పు. ఇంకోసారి ఇంకొకళ్ళ నోట్ల నుంచి ఇనే ఓపిక నాకు లేదు."

"ఏం లేదు. గంతే. మా అమ్మ మీదొట్టు."

తెర వెనక డంబెల్స్ చప్పుడు ఆగింది.

"మీ అమ్మ మీద ఒట్టెందుకు బెడ్తవన్నా, పాపం" అంటూ సౌందర్య బయటికి వచ్చింది. సన్నగా, నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల. నేను వచ్చిన ప్రతిసారీ "మంచిగున్నవా అక్కా" అని తప్ప ఇంకో మాట అనేది కాదు. ఈ రోజు మాత్రం తనంతట తనే వచ్చింది.

"సౌందర్యా, నువ్ లోపలికి పో" అన్నాడు ప్రసన్న.

ఆమె పోలేదు. "అక్కా, నీకు పెట్టే దూకుడు పరీక్ష యాదికుందా?"

ఎందుకు యాదికి లేదు? ఆపరేషన్ చేసిన డాక్టరు అప్పట్లోనే చెప్పాడు. ఒంటికాలి మీద దూకినప్పుడు రెండు కాళ్ళూ ఇంచుమించు సమానంగా దూకితే ఆటకు పోవచ్చు, ఆ సంగతి మీ ఫిజియో చూసుకుంటాడని. ప్రసన్న ఈ సెల్లార్‌లోనే నాకు ఎన్నోసార్లు ఆ పరీక్ష పెట్టాడు. కుడికాలితో దూకిస్తాడు, ఎడమకాలితో దూకిస్తాడు, నన్ను కుర్చీలో కూర్చోబెడతాడు. సౌందర్యను రెండో కొస పట్టుకోమని టేపు పెట్టి కొలుస్తాడు, గీత తుడిచేస్తాడు. ప్రతిసారీ తల అడ్డంగా ఊపి, "ఎడమది ఇంకా తక్కువనే ఉంది" అనేవాడు. చివరికి నేనే అడగడం మానేశాను.

"రెండోసారికే సమానమొచ్చిందక్కా" అంది సౌందర్య. "టేపు ఇంకో కొస పట్టుకున్నది నేనే. నా కండ్లతోటి జూసిన. అటెన్క ఇంకా ఎక్కువనే దూకినవ్. నీ కాలు ఎప్పుడో బాగైంది. చెప్తే పనిలకెల్లి తీసేస్తనన్నడు. ఇయ్యాల మీ లగ్గం బట్టలకు పోతున్నరంటే ఇగ నాతోని గాలే."

"నోర్ముయ్!" ప్రసన్న కేక పైన టిఫిన్ సెంటర్ దాకా వినబడి ఉంటుంది.

నోర్ముయ్ అన్నాడు. అబద్ధం అనలేదు. ఆ తేడా నాకు అక్కడికక్కడే తెలిసింది. మూడేళ్ళ కింద అతను చేసింది పిరికితనం అని సరిపెట్టుకుందునేమో, ఏమో, ఆడమనసు. కానీ బాగైన కాలిని పట్టుకుని, బాగవలేదని చెప్పి, ఎక్కే మెట్లు మాన్పించి, పోవాల్సిన సెలెక్షన్లు మాన్పించి, ఆ కాలు నొక్కుతూ ప్రేమగా కూర్చున్నాడు. పట్టుమని పాతికేళ్ళు లేవు నాకు. నన్ను మంచి కాళ్ళతో కుంటిదాన్ని చేశాడు.

"సౌందర్యా, గీత గియ్యి" అన్నాను.

"అక్కా?"

"పరీక్ష పెట్టు. ఇప్పుడే. ఆయన గాదు, నువ్వే కొలువు."

సౌందర్య సుద్దముక్క తీసుకుని మ్యాట్ అంచున గీత గీసింది. నేను రోజూ వేసుకునే మోకాలి తొడుగు ఊడదీసి కుర్చీ మీద పారేశాను. చున్నీ నడుముకు బిగించాను. గీత దగ్గరికి నడిచాను. సౌందర్య మాట తప్పయితే, ఇన్నాళ్ళుగా దూకని ఈ కాలు తొడుగు కూడా లేకుండా మళ్ళీ తెగొచ్చు, ఇంకోసారి కత్తి కింద పడుకోవాలి. నిజమైతే నా మూడేళ్ళు ఈ మనిషి మింగేశాడు. రెండింట్లో దేనికి ఎక్కువ భయపడాలో నాకు తెలియలేదు.

ముందు కుడికాలితో దూకాను. మడమ ఆనిన చోట సౌందర్య గీత పెట్టింది. వెనక్కి వచ్చి, కుడికాలు పైకి మడిచి, ఎడమకాలు ఒక్కదాని మీద నిలబడ్డాను.

ప్రసన్న లేచి రెండు చేతులూ చాపి నాకు ఎదురుగా వచ్చాడు. "వద్దు, అఖిలా! నా మాటిను! పడ్తవ్, ఆ కాలు ఆగదు, ఫిజియోను నేను చెప్తున్న, దూకకు!"

మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆ భయం నా మోకాలి గురించో, తన గురించో చదవడానికి ప్రయత్నించాను. ఇన్నేళ్ళు ఆ మొహాన్ని చూసి నేను ఏదీ సరిగ్గా చదవలేదు.

"జరుగు" అన్నాను.

అతను జరగలేదు. నాకు తెలియకుండానే నోట్లోంచి కూత వచ్చింది, కబడ్డీ కబడ్డీ కబడ్డీ అని, మూడేళ్ళ తర్వాత. మోకాలు వంచి, ఒంటి బరువంతా ఎడమకాలి మీద వేసి, నేరుగా అతనున్న వైపే దూకాను.